తాతారావుకి పట్టిన సర్కారు బూజు

ఆ సంవత్సరం ప్రభుత్వం వారి మనసు వీడియో గేముల మీదికి పోయింది. అంతకు ముందు సంవత్సరం చిరుధాన్యాల మీదికి పోయింది. అప్పుడు మీటింగుల్లో సమోసాలు మానిపించి అందరిచేతా కొర్రల ఉప్మా తినిపించారు. ఆ ఉప్మా ఇంకా పూర్తిగా గొంతు దిగకముందే "పరిపాలనలో క్రీడాస్ఫూర్తి" అనే పేరుతో రాజధాని నుంచి ఉత్తర్వు దిగింది. ప్రతి శాఖా ఒక వీడియో గేమును దత్తత తీసుకోవాలి. ఆ ఆటలోని నియమాలను తమ పనిలో ప్రవేశపెట్టాలి. ప్రవేశపెట్టినట్టు ఫోటోలు పంపాలి. బాగా ఆడిన జిల్లాకి మొదటి ర్యాంకు.

మంచి ఆటలన్నీ పెద్ద శాఖలు ఎగరేసుకుపోయాయి. వ్యవసాయ శాఖ వారు దున్నకుండానే పంట పండే ఆట తీసుకున్నారు. రవాణా శాఖ వారు కార్లు గుద్దుకునే ఆట తీసుకుని, మా రోడ్ల మీద ఇది ఎప్పటినుంచో అమల్లో ఉందని జవాబు రాసి చేతులు దులుపుకున్నారు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ జిల్లాలో విపత్తుల విభాగం వారు టీ తాగి వచ్చేసరికి మిగిలింది ఒక్కటే ఆట. దాని పేరు "ఆఖరి వాన".

అందులో వాన మొదలై మరి ఆగదు. లోకమంతా చెమ్మ పట్టి నాశనమవుతుంది. చచ్చినవాళ్ల చెవుల్లోంచి, ముక్కుల్లోంచి బూజు మొలిచి, ఆ బూజే వాళ్లని లేపి నడిపిస్తూ ఉంటుంది. వాళ్లు ఎవరిని కరిస్తే వాళ్లూ అలాగే అవుతారు. టార్చిలైటు వేస్తేనే మళ్లీ చస్తారు. ఈ బూజుకి మూడు దశలు. మొదటిది నూగు దశ, అందులో మనిషి ఇంట్లోవాళ్లని గుర్తుపడతాడు. రెండోది గొడుగు దశ, అప్పుడు ఎవరినీ గుర్తుపట్టడు కాని బతికున్నప్పుడు చేసిన పనే చేస్తూ ఉంటాడు, కండక్టరు టిక్కెట్లు చింపుతూ ఉంటాడు, దర్జీ కాళ్లాడిస్తూ ఉంటాడు. మూడోది పుట్ట దశ. అందులో మనిషి ఉన్నచోటే పాతుకుపోయి ఇక కదలడు. ఈ మూడో దశ గురించి చదివినప్పుడు విపత్తుల విభాగంలో చాలామంది ఒకరి కుర్చీ వంక ఒకరు చూసుకున్నారు.

ఆ విభాగంలో సీనియర్ అసిస్టెంటు గుబ్బల తాతారావు. నెమ్మదైన మనిషి. కౌంటరు దగ్గరికి వచ్చినవాడితో "రేపు రండి" అనడంలో ఆయనకి జిల్లాలో సాటి లేదు. తుఫానుకి ఇల్లు పడిపోయినవాడు కూడా ఆ మాట విని, "మంచివాడండి, కసురుకోడు" అనుకుంటూ మెట్లు దిగిపోయేవాడు. ప్రమోషను రావలసిన వయసు ఎప్పుడో వచ్చి వెళ్లిపోయింది. దాని గురించి ఆయనకిప్పుడు బెంగ లేదు. ఆయన బెంగల్లా కూతురి గురించే.

కూతురు హేమదుర్గ పురిటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి. ఈ హేమదుర్గ పుట్టినప్పుడు తాతారావు ఎన్నికల డ్యూటీలో ఎక్కడో మన్యంలో ఉన్నాడు. బ్యాలెట్ పెట్టెల పక్కన కూర్చుని పిల్ల పుట్టిందన్న కబురు విన్నాడు, బారసాల అయ్యాక ఇంటికి వచ్చి మొహం చూశాడు. ఆయన భార్య లోవకుమారి ఆ సంగతి ఇన్నేళ్లుగా పండక్కీ పబ్బానికీ గుర్తు చేస్తూనే ఉంది. "ఈసారి ఆసుపత్రి గుమ్మంలో నేనే ఉంటాను, చూడు" అని తాతారావు ఆవిడకి మాటిచ్చాడు. తన మనవరాలో మనవడో కళ్లు తెరిచేవేళకి తను అక్కడ ఉండాలన్నది తప్ప ఆ మనిషికి వేరే కోరిక లేదు.

కార్తీకమాసంలో పౌర్ణమి వెళ్లాక మీటింగు పెట్టారు. ప్రత్యేకాధికారి విశ్వంభర్ గారు బెంగుళూరులో శిక్షణ పొంది వచ్చినవారు. చెడ్డవారు కాదు. తను రాసిన ప్రతి ముక్కా తనే నమ్మే రకం, అంతే.

"మిత్రులారా," అన్నారు విశ్వంభర్ గారు, "మన విభాగము దత్తత తీసుకున్న క్రీడను అనుసరించి క్షేత్రస్థాయిలో నమూనా విన్యాసము నిర్వహించవలసి ఉన్నది. గౌరవ మంత్రివర్యులు జ్యోతి ప్రజ్వలన చేసెదరు. ఇందు నిమిత్తం శిలీంధ్రగ్రస్త మృతజీవిగా ఒకరు స్వచ్ఛందంగా ముందుకు రావలెను. తాతారావు గారూ, మీరు స్వచ్ఛందంగా ముందుకు వచ్చుచున్నారు."

తాతారావు లేచి నిలబడ్డాడు. "నేనాండీ? మా అమ్మాయికి నెలలు నిండినాయండి. ఏ పూటకా పూట అన్నట్టుందండి."

"ఒక్క పూట కార్యక్రమము. మధ్యాహ్న భోజనము వేళకు మంత్రివర్యులు మీపై టార్చిలైటు వేసి నిర్మూలించెదరు. తదుపరి మీరు నిరభ్యంతరంగా ఇంటికి పోవచ్చును."

సూపరింటెండెంటు ముత్యాలరావు పక్కనుంచి మెల్లిగా, "ఒప్పేసుకోండి తాతారావుగారూ, మీకైతే మొహం కూడా అట్టే మార్చక్కర్లేదు" అన్నాడు. తాతారావు ఒప్పేసుకున్నాడు. ఒప్పేసుకోవడం ఆయనకి ఉద్యోగంతో పాటే వచ్చింది.

మేకప్పుకి నాటకాల గవర్రాజుని పిలిపించారు. గవర్రాజుకి వచ్చిన వేషాలు రెండే, యముడు, జాంబవంతుడు. బూజు అంటే వెంట్రుకలే కదా అని ఆలోచించి జాంబవంతుడిని ఖాయం చేశాడు. కొబ్బరి పీచు తెచ్చి తాతారావు గడ్డానికి, బుగ్గలకి, చెవులకి దట్టంగా అంటించాడు. వానకి ఊడిపోకూడదని అధికారులు గట్టిగా చెప్పడంతో, పడవల చిల్లులు పూడ్చే గుగ్గిలం కాచి దాంతో అంటించాడు.

"ఇదెలా ఊడుతాదయ్యా?" అన్నాడు తాతారావు.

"ఊడదండి. పడవలకైతే పదేళ్లొత్తాదండి," అన్నాడు గవర్రాజు గర్వంగా.

విన్యాసం ఊరి చివర తుఫాను షెల్టరులో. మేడ మీది గదిలో తాతారావుని కూర్చోబెట్టి, గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. మంత్రిగారు వచ్చి, కింద దీపం వెలిగించి, మేడెక్కి, రిబ్బను కత్తిరించి, లోపలికి వచ్చి టార్చి వేసి బూజుని చంపుతారు. ఆ తరవాత ముగింపు సభ, వందన సమర్పణ, టిఫిను. కత్తెర పెట్టిన పళ్లెం పట్టుకుని హోంగార్డు నూకరాజు గుమ్మం పక్కన నిలబడ్డాడు.

మంత్రిగారు వచ్చారు. దీపం వెలిగించారు. విపత్తుల గురించి మాట్లాడడం మొదలుపెట్టేసరికి నిజంగానే వాన వచ్చింది. మంత్రిగారు విపత్తు నుంచి తప్పించుకుని కారెక్కి వెళ్లిపోయారు. వారి వెనక కలెక్టరు గారి కారు, దాని వెనక టిఫిన్ల వ్యాను కూడా వెళ్లిపోయాయి.

మేడ మీద తాతారావు చాలాసేపు ఎదురుచూసి, గుమ్మం దగ్గరికి వచ్చి, "అయిపోయిందాండీ?" అని అడిగాడు.

విశ్వంభర్ గారు కింద నుంచి తల పైకెత్తి, కాసేపు ఆలోచించి చెప్పారు. "ప్రారంభమైనది. ముగియలేదు. ముగింపు సభ జరగనిదే విన్యాసము ముగిసినట్లు పరిగణించుటకు వీలు లేదు. మీరు ఇంకనూ నిర్మూలింపబడలేదు."

"నేనే నిర్మూలమైపోతానండి. పడిపొమ్మంటే ఇక్కడే పడిపోతానండి."

"అది ఆత్మహత్య క్రిందకు వచ్చును. మంత్రివర్యుల తేదీ కొరకు లేఖ వ్రాసెదము. అంతవరకు మీరు తదుపరి ఉత్తర్వుల పర్యంతము శిలీంధ్రగ్రస్తులుగా కొనసాగెదరు."

తాతారావు రిబ్బను వంక చూశాడు. జానెడు వెడల్పు కూడా లేదు. కాని అది మంత్రిగారు కత్తిరించవలసిన రిబ్బను. దాని కింద నుంచి వంగి బయటపడవచ్చన్న ఆలోచన ఒక ప్రభుత్వోద్యోగికి రాదు, వచ్చినా నిలవదు. వెనక్కి వెళ్లి చాప మీద కూర్చున్నాడు.

మర్నాడు లోవకుమారి కారియరు పట్టుకుని వచ్చింది. నూకరాజు అడ్డం నిలబడి, పై అధికారికి ఫోను చేసి, నూగు దశలో ఇంట్లోవాళ్లని గుర్తుపడతారు కనుక అనుమతించవచ్చని తెలుసుకుని దారి ఇచ్చాడు. ఆవిడ రిబ్బను అవతల నిలబడి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఇదేం అవతారమండీ బాబూ?"

"బూజు పట్టిందే. డ్యూటీ."

"ఆ రోజు బ్యాలెట్ పెట్టెలు, ఈ రోజు బూజు. పిల్లకి నొప్పులొత్తే నేను ఎవరికి చెప్పుకోవాలి? ఆటో ఎవరు పిలుత్తారు?" కారియరు రిబ్బను కింద నుంచి లోపలికి తోసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "తినండి. కార్తీకమాసమని ఉల్లిపాయ కూడా వెయ్యలేదు."

తాతారావు పీచు గడ్డం ఒక చేత్తో పైకెత్తిపట్టుకుని అన్నం తిన్నాడు. మెతుకులు పీచులో చిక్కుకున్నాయి. ఆవిడ వెళ్లిపోయాక చాలాసేపు కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి ఏడుపు వచ్చింది, కాని గుగ్గిలం బిగిసి మొహం సరిగా సాగలేదు.

వారం తిరిగేసరికి ఒక ఉత్తర్వు వచ్చింది. ఆటలో నిర్ణయించిన గడువు ప్రకారం గుబ్బల తాతారావు గారిని నూగు దశ నుంచి గొడుగు దశకు పదోన్నతి కల్పించడమైనది. సర్వీసంతా ఎదురుచూసినా రాని ప్రమోషను బూజులో వారానికే వచ్చింది. గొడుగు దశలో బతికున్నప్పటి పనే చేస్తూ ఉండాలి కాబట్టి, ఆయన టేబులు, కుర్చీ, ఫైళ్లు షెల్టరుకి తెచ్చి పడేశారు. తాతారావు ఫైళ్లు చూడసాగాడు. కింద జనం వచ్చి అడిగితే రిబ్బను వెనక నుంచి "రేపు రండి" అనేవాడు. పీచులోంచి వచ్చినా ఆ మాటలో పాత ఆప్యాయతే ఉంది. తేడా ఎవరికీ తెలియలేదు.

ఇంతలో ఆఫీసులో ఒక సంగతి పొక్కింది. బూజు పట్టినవాడి మొహం హాజరు యంత్రం గుర్తుపట్టదు, కాబట్టి ఆలస్యం లెక్క లేదు. బూజు పట్టినవాణ్ణి ఇంటింటి సర్వేకి పంపకూడదు, జనానికి అంటుకుంటుంది. జీతం మాత్రం వస్తుంది, ఎందుకంటే ఆపమని ఎవరూ రాయలేదు. ఆ సాయంత్రానికి షెల్టరు మెట్ల మీద విపత్తుల విభాగమంతా నిలబడి ఉంది.

"ఒక్కసారి కరిచి పెట్టండి తాతారావుగారూ. మీకూ మాకూ మధ్య మొహమాటమేంటండి?" అంటూ టైపిస్టు చెయ్యి చాచింది.

"సీనియారిటీ ప్రకారం కరవాలి! ఇష్టం వచ్చినవాళ్లని కరిస్తే యూనియన్ చూస్తూ ఊరుకోదు," అని అరిచాడు వెనక నుంచి సంఘం కార్యదర్శి.

తాతారావు రెండు చేతులూ జోడించాడు. "కార్తీకమాసమండి. నేను నీచు ముట్టను."

అందరూ నీరుగారిపోయారు. అందరూ దిగిపోయాక సూపరింటెండెంటు ముత్యాలరావు ఒక్కడూ వెనక్కి వచ్చి, రిబ్బను దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మీ సంకటం నాకు తెలుసు తాతారావుగారూ. మీ అమ్మాయి సంగతి తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. మీ విడుదల ఫైలు నా బల్ల మీదే ఉంది. నేనొక్క సంతకం పెడితే పైకి పోతుంది."

"పెట్టండి మరి. మీకు పుణ్యముంటుంది."

"పెడతాను. నన్ను కరవండి."

తాతారావు తెల్లబోయాడు. "మాసం అండి..."

"కరిచి ఉమ్మెయ్యండి. తినమన్లేదు కదా?"

తాతారావు మనసులో లోవకుమారి మొహం మెదిలింది, హేమదుర్గ మెదిలింది. కళ్లు మూసుకుని, శివుడికి క్షమాపణ చెప్పుకుని, ముత్యాలరావు మణికట్టు మీద పళ్లు ఆనించాడు. తరవాత బిందెడు నీళ్లతో నోరు పుక్కిలించాడు. ముత్యాలరావు సంతోషంగా మణికట్టు చూసుకుని, బయటికే గాని లోపలికి నిషేధం లేదు కనుక రిబ్బను కింద నుంచి దూరి వచ్చి, చాప పరుచుకుని పడుకున్నాడు.

"ఫైలండీ?" అన్నాడు తాతారావు.

"ఏ ఫైలు? బూజు పట్టిన అధికారి సంతకం చెల్లదు తాతారావుగారూ. మీకు తెలియనిదేముంది?" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇక ఆగలేదు. ముత్యాలరావుకి మాసం పట్టింపు లేదు, పళ్లు కూడా మంచివి. సీనియారిటీ జాబితా ప్రకారం విభాగం సిబ్బందిని వరసగా కరిచాడు. షెల్టరు నిండిపోయింది. ఒకళ్లు క్యారంబోర్డు తెచ్చుకున్నారు, ఇంకొకళ్లు పచ్చళ్ల జాడీలు తెచ్చుకున్నారు. ఫోటోలు రాజధానికి వెళ్లాయి. వ్యాప్తి అచ్చం ఆటలో మాదిరిగానే ఉన్నదని మెచ్చుకుని జిల్లాకి మొదటి ర్యాంకు ఇచ్చారు. తాతారావు విడుదల ఫైలు మీద సంతకం పెట్టవలసిన వాళ్లందరూ ఇప్పుడు ఆయన పక్కనే కూర్చుని పేకాడుతున్నారు.

ఒక్క విశ్వంభర్ గారికే చికాకుగా ఉంది. మొదటి ర్యాంకు వచ్చినా, నియమావళిలో "చికిత్స" అనే గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి చూస్తే ఆయనకి నిద్ర పట్టదు. ఆట తయారు చేసిన హైదరాబాదు కంపెనీకి ఫోను చేసి, షెల్టరులో అందరూ వినేటట్టు స్పీకరు పెట్టారు. ఆ ఆట కథ రాసిన ఇందుజ అనే అమ్మాయి ఫోనెత్తింది.

"ఈ శిలీంధ్రమునకు విరుగుడు ఏమి? తెలియజేయగలరు."

"విరుగుడు లేదండి. పెడితే ఆట అయిపోతుంది కదా? రెండో భాగంలో చూద్దామనుకున్నాం, ఏం పెట్టాలో తోచలేదు. మీకేమైనా తోస్తే చెప్పండి, పెట్టేస్తాం."

"మేము సృష్టించము. అమలు పరచెదము మాత్రమే," అన్నారు విశ్వంభర్ గారు బాధగా.

ఎవరో మాట్లాడుతున్నారని తాతారావు ఫోను దగ్గరికి వంగాడు. "అమ్మా, నేనమ్మా, ఆ బూజు పట్టినవాణ్ణి. మా అమ్మాయి పురిటికుందమ్మా. ఇంటికి పోయే దారేదన్నా ఉందేమో చూడమ్మా."

"అంకుల్, మిమ్మల్ని లోపల పెట్టి తాళం వేశారా?"

"తాళం లేదమ్మా. రిబ్బనుంది."

"రిబ్బనా?"

"మంత్రిగారిదమ్మా."

"అంకుల్, మా ఆటలో చచ్చినవాళ్లు గోడలు బద్దలుకొట్టుకుని వచ్చేస్తారు."

"వాళ్లకి ఇంక్రిమెంట్లుండవు కదమ్మా," అన్నాడు తాతారావు.

విశ్వంభర్ గారు ధన్యవాదములు తెలిపి ఫోను పెట్టేశారు.

పోలిపాడ్యమి నాడు తెల్లారగట్ల ఊళ్లో ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదిలి ఇళ్లకి వెళ్లిపోయారు. కాస్త పొద్దెక్కాక నూకరాజు ఫోను మోగింది. అతను విని, పళ్లెం కింద పెట్టి, గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"బాబుగారూ, అమ్మాయిగారికి నొప్పులంటండి. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారంట. అమ్మగారు ఒక్కరే ఉన్నారంటండి."

తాతారావు లేచాడు. ముత్యాలరావుని చూశాడు. అతను చేతిలో పేకముక్కలు సర్దుకుంటూ, "రేపు ముగింపు సభ ఉండొచ్చంటున్నారు. ఒక్కరోజు ఓపిక పట్టండి" అన్నాడు.

"రేపు" అన్న మాట తాతారావు చెవిలో పడింది. ఆ మాటకి అర్థం ఆ జిల్లాలో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. రిబ్బను దాకా నడిచాడు. పళ్లెంలోంచి కత్తెర తీసుకున్నాడు. రిబ్బను కత్తిరించాడు.

నూకరాజు అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టాడు. తరవాత జరిగిందేమిటో తెలిసి బిక్కచచ్చిపోయాడు. అప్పటికి తాతారావు మెట్లు దిగి, ఆటో ఎక్కేశాడు.

పెద్దాసుపత్రిలో పురుళ్ల వార్డు గుమ్మం దగ్గర నర్సు ఆయన్ని ఆపింది. పై నుంచి కింద దాకా చూసింది. "ఏ నాటకం కంపెనీ అండి మీది? చెప్పులు బయట విప్పండి. అరవకూడదు." అంతే, దారి వదిలింది.

వరండాలో బల్ల మీద లోవకుమారి కూర్చుని ఉంది. మొగుణ్ణి చూసి లేచింది. తిట్టడానికే నోరు తెరిచింది. "వచ్చేరా?" అంది చివరికి. "ఈసారి వచ్చేరు." ఆ పీచు గడ్డం మీదే తల ఆనించి ఏడ్చేసింది. వాళ్లలా నిలబడి ఉండగానే లోపల ఒక పసిగొంతు విప్పుకుంది. తాతారావు జీవితంలో మొదటిసారి తనవాళ్ల పుట్టుక చెవులారా విన్నాడు.

ఆడపిల్ల. కాసేపటికి నర్సు బట్టలో చుట్టి తెచ్చి లోవకుమారి చేతుల్లో పెట్టింది. తాతారావు వంగి, పీచు గుచ్చుకోకుండా పక్కకి తోసి పట్టుకుని, మనవరాలి నుదుటి మీద ముద్దు పెట్టాడు.

అప్పుడే వరండా చివర బూట్ల చప్పుడైంది. విశ్వంభర్ గారు, వెనక నూకరాజు.

"తాతారావు గారూ, మీరు మంత్రివర్యులకు ఉద్దేశించిన రిబ్బనును భగ్నము చేసినారు. అది అటులుండగా, ఇప్పుడే శిశువును నోటితో స్పృశించినారు. నియమావళి ప్రకారము నోటి స్పర్శ కాటు నిర్వచనములోనికి వచ్చును. శిశువును నూగు దశగా నమోదు చేసి షెల్టరునకు తరలించవలసి ఉన్నది. ఇది నాకు వ్యక్తిగతముగా ఎంతయూ బాధాకరము." నిజంగానే ఆయనకి బాధగా ఉంది. చెయ్యి చాచి పిల్లని అందుకోబోయారు.

"పుట్టి గంట కాలేదు! ముట్టుకున్నారంటే మర్యాదుండదు!" లోవకుమారి పిల్లని గుండెలకి హత్తుకుని వెనక్కి జరిగింది.

తాతారావు అలవాటుగా చేతులు జోడించబోయాడు. అంతలో ఏదో గుర్తుకొచ్చి ఆగాడు.

"నన్ను సస్పెండు చేత్తారాండీ?"

విశ్వంభర్ గారు ఆలోచించారు. అడిగినదానికి సరైన జవాబు చెప్పకుండా ఉండలేని మనిషి. "మృతజీవులకు ప్రవర్తనా నియమావళి వర్తించదు. కనుక సస్పెండు చేయుటకు వీలు లేదు."

"ఇంక్రిమెంటు ఆపుతారాండీ?"

"అందుకునూ వీలు లేదు."

"కార్తీకమాసం కూడా నిన్నటితో వెళ్లిపోయిందండి," అన్నాడు తాతారావు. పిల్ల వైపు చాచి ఉన్న ఆ చేతిని పట్టుకుని, బొటనవేలి కింద, కండ ఉన్నచోట, గట్టిగా కరిచాడు. ఈసారి శివుడికి క్షమాపణ చెప్పుకోలేదు. పుక్కిలించలేదు కూడా.

విశ్వంభర్ గారు అరవలేదు. చేతి మీద పడిన పళ్ల గుర్తులు శ్రద్ధగా చూసుకున్నారు. గడియారం చూసి వేళ రాసుకున్నారు. "నూకరాజూ," అన్నారు గంభీరంగా, "ఇకమీదట నేను ఉత్తర్వులు జారీ చేయుటకు అనర్హుడను. నన్ను షెల్టరునకు తీసుకొని పోవలెను. కొంత దూరముగా నడువుము."

ఆయన వెనక్కి తిరగబోతూ ఉండగా అది జరిగింది. తాతారావు మళ్లీ మనవరాలి మీదికి వంగాడు. పిల్ల కళ్లు తెరవకుండానే చెయ్యి విదిలించింది. పసివేళ్లకి పీచు తగిలింది, గుప్పిట బిగిసింది. ఇన్నాళ్ల చెమటకి, సముద్రపు ఉప్పుగాలికి, ఇందాకటి లోవకుమారి కన్నీళ్లకి గుగ్గిలం ఏ మాత్రం మెత్తబడిందో మరి, గడ్డం చర్మం మీంచి చిరచిరమంటూ లేచి, మొత్తానికి ఆ చిన్న గుప్పిట్లోకి వచ్చేసింది. తాతారావు బుగ్గలు ఎర్రగా కందిపోయి, ఇన్నాళ్లకి వెలుతురు చూశాయి. మొహం మళ్లీ సాగింది. ఆయన నవ్వాడు.

విశ్వంభర్ గారు కళ్లార్పకుండా చూశారు. ఆయన మొహంలో, ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉన్న గడి నిండిన తృప్తి కనిపించింది. దారి పొడుగునా నూకరాజుకి ఒకటే చెప్పుకుంటూ వెళ్లారు. "చికిత్స లభ్యమైనది. శిశుహస్త స్పర్శ."

పిల్లని ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్న వీధిలో కలకలం రేగింది. తాతారావు తలుపు తీశాడు. గుమ్మం నుంచి వీధి మలుపు దాకా విపత్తుల విభాగం వరస కట్టి ఉంది. సీనియారిటీ ప్రకారమే నిలబడ్డారు. అందరి మొహాలకీ కొబ్బరి పీచు ఉంది. లేనివాళ్లు వచ్చే దారిలో గవర్రాజు చేత అంటించుకుని వచ్చారు, నయం కావాలంటే ముందు రోగం కనిపించాలని. చికిత్స గడి నిండకపోతే మొదటి ర్యాంకు రద్దవుతుందని భయం కొందరికి, షెల్టరులో దోమలు భరించలేక కొందరు. ముత్యాలరావు మాత్రం కొత్త ఉత్తర్వు గురించి విని వచ్చాడు. బూజు పట్టినవాళ్లకి పండగ అడ్వాన్సు లేదట. అందరికంటే ముందు విశ్వంభర్ గారు, కరిచిన చేతికి కట్టుతో, నిటారుగా నిలబడి ఉన్నారు.

"తాతారావు గారూ, శిశువు యొక్క హస్త స్పర్శ నిమిత్తము మేమందరమూ..." అని ఆయన మొదలుపెట్టారు.

వంటింట్లోంచి లోవకుమారి వండుతున్న కోడికూర వాసన వస్తోంది. లోపలి గదిలో హేమదుర్గ పక్కన ఉయ్యాలలో పిల్ల నిద్రపోతోంది. తాతారావు ఒకసారి ఉయ్యాల వైపు చూశాడు. ఒకసారి వరస వైపు చూశాడు. కందిన బుగ్గలు తడుముకుని, ఇన్నేళ్ల సర్వీసులో ఎప్పుడూ పలికినంత ఆప్యాయంగానే పలికాడు.

"పాప పడుకుందండి. రేపు రండి."

ఆ మాటకి ఎదురు ఉండదని వరసలో అందరికీ తెలుసు. ఆ రేపు ఎన్నాళ్లకి వస్తుందో కూడా తెలుసు. విశ్వంభర్ గారు తల వంచి వెనక్కి తిరిగారు. ఆయన వెనక ఒక్కొక్కరే పీచులు సర్దుకుంటూ కదిలారు.

మలుపు తిరుగుతూ ముత్యాలరావు పక్కవాడితో అన్నాడు.

"మంచివాడండి, కసురుకోడు."